చేపల వర్గీకరణ మార్పులు, గాలపువేటగాళ్ల జాతుల పట్టీ

శాస్త్రవేత్తలు చేపల జాతులను కలిపినప్పుడు, విడదీసినప్పుడు, వేరే ప్రజాతిలో చేర్చినప్పుడు గాలపువేటగాళ్లు తమ పట్టీలో చేసుకోవలసిన సవరణ ఇది. కృష్ణా పరీవాహకంలో బొచ్చె అని పిలిచే చేపను 1822లో హామిల్టన్ సిప్రినస్ కట్లాగా వర్ణించాడు. తర్వాత అది కట్లా కట్లా, జిబెలియన్ కట్లా అయి, ఇప్పుడు శీలావతితో పాటు లేబియో ప్రజాతిలో ఉంది. పెద్ద తల, పైకి తిరిగిన నోరు, మీసాలు లేకపోవడం దాని గుర్తులు. చేప అదే కనుక జాతుల లెక్క మారదు. బొచ్చె, శీలావతి రెండూ పట్టినవారికి ప్రజాతుల లెక్కలో ఒకటి తగ్గుతుంది.

చిక్కంతా తప్పుగా గుర్తించిన చేపలతోనే. కావేరి మూపురపు మాసీర్‌ను చాలాకాలం టార్ ముసుల్లాగా రాసుకున్నారు. 1839లో సైక్స్ వర్ణించిన అసలు ముసుల్లాను 2013లో హిప్సెలోబార్బస్ ప్రజాతిలో చేర్చారు. కావేరి చేప 2018లో టార్ రెమాదేవీగా తేలింది. ఫొటో, నది పేరు లేని పాత నమోదులను సరిదిద్దడం కష్టం.