సప్లిమెంట్ పొడులు దిగుమతి చేసుకుంటున్నారా? ముందు నంబరు చూసుకోండి

అమ్మ కట్టిచ్చిన కందిపొడి సూట్‌కేసులో తెచ్చుకోవడం వేరు, అశ్వగంధ పొడి పెట్టెలకొద్దీ తెప్పించి అమ్మడం వేరు. ఈ తేడా నాకు 2022లో కస్టమ్స్ నుంచి వచ్చిన ఒక కాగితం నేర్పింది. మన వాళ్ళలో చాలామంది ఉద్యోగం చేస్తూనే ఇలాంటి చిన్న వ్యాపారాలు మొదలుపెడుతున్నారు. నేను చేసిన పొరపాటు వాళ్ళు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను కస్టమ్స్ బ్రోకర్ని కాదు, లాయర్ని అంతకంటే కాదు. ఎం.ఎస్. చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని.

అసలు జరిగిందేమిటంటే

గ్రీన్ కార్డు వచ్చాక నేనూ, మా ఆవిడా కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టాం. హైదరాబాదులో మా బాబాయికి మూలికల పొడులు ప్యాక్ చేసే యూనిట్ ఉంది. ఆయన దగ్గర్నుంచి రెండు సరుకులు తెప్పించేవాళ్ళం. ఒకటి వట్టి అశ్వగంధ వేరు పొడి. రెండోది అశ్వగంధతో పాటు మరో రెండు మూలికలు, విటమిన్ సి కలిపిన మిశ్రమం. పాలలో ఒక చెంచా వేసుకుని తాగేది.

బాబాయి ఇన్‌వాయిస్ మీద రెండింటికీ 30049011 అని వేసేవాడు. ఇండియా సుంకాల పట్టికలో అది ఆయుర్వేద మందుల నంబరు. "ఒరేయ్, ఇక్కడ ఏళ్ళ తరబడి ఇదే నంబరు మీద పంపిస్తున్నాం, ఏం కాదు" అన్నాడు. అమెరికాలో 3004 కింద వచ్చే మందులకు సుంకం లేదు. మేమూ సంతోషంగా 3004 అనే చెప్పాం, మా బ్రోకరు అలాగే ఎంట్రీ వేశాడు.

మూడు షిప్‌మెంట్లు హాయిగా వచ్చేశాయి. ఆ తర్వాత ఫారం 28 వచ్చింది. అది వివరాలు అడిగే ఫారం, జవాబుకి 30 రోజులు గడువు. ఏ పదార్థం ఎంత శాతం, ఎలా తయారు చేస్తారు, లేబుల్ ఎలా ఉంటుంది అని అడిగారు. పంపించాం. కొన్నాళ్ళకి ఫారం 29 వచ్చింది. మిశ్రమం మందు కాదు, ఆహార పదార్థం, సుంకం 6.4 శాతం అని దాని సారాంశం. మూడు షిప్‌మెంట్లలో మిశ్రమం విలువ 37,500 డాలర్లు, కాబట్టి కట్టాల్సింది 2,400 డాలర్లు. ఆ ఏడాది మాకు మిగిలిన లాభం దాదాపు అంతే!

సరుకు మన గుమ్మంలోకి వచ్చేసింది కదా, ఇక అయిపోయింది అనుకుంటాం. కస్టమ్స్ లెక్క అప్పుడు తేలదు. ఎంట్రీని ఖరారు చేయడాన్ని లిక్విడేషన్ అంటారు. మామూలుగా దానికి 314 రోజులు పడుతుంది. మా మూడు ఎంట్రీలూ ఆ లోపువే.

ఈ నంబర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988లో అమల్లోకి వచ్చింది. అందులో మొదటి ఆరు అంకెలు దాన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. అమెరికా 1989 జనవరి 1 నుంచి దీన్ని వాడుతోంది. ఇక్కడ ఎనిమిది అంకెల దగ్గర సుంకం రేటు తేలుతుంది, మిగతా రెండంకెలు గణాంకాల కోసం.

మొదటి ఆరు అంకెలూ ఒకటే కదా, మరి బాబాయి నంబరు ఎందుకు చెల్లలేదు? నంబర్ల పట్టిక ఒకటే అయినా, ఈ సరుకు ఏ నంబరు కిందికి వస్తుందో తేల్చేది సరుకు దిగే దేశపు కస్టమ్స్. పైగా 30వ అధ్యాయం మొదట్లోనే ఒక నోట్ ఉంది. పుష్టినిచ్చే ఆహారాలు, ఫుడ్ సప్లిమెంట్లు ఈ అధ్యాయంలోకి రావు, నరాల ద్వారా ఎక్కించే పోషకాలు మాత్రం మినహాయింపు అని. నేను ఆ ఒక్క వాక్యం ముందే చదివి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇంకో అపోహ కూడా ఉంది. 1994 నాటి చట్టం ప్రకారం ఎఫ్.డి.ఎ. దేన్ని డైటరీ సప్లిమెంట్ అంటుందనేది వేరే సంగతి. డబ్బా మీద 'సప్లిమెంట్ ఫ్యాక్ట్స్' పట్టిక ఉన్నంత మాత్రాన కస్టమ్స్ నంబరు తేలిపోదు. కస్టమ్స్ చూసేది డబ్బాలో ఏముంది, దాన్ని ఎలా తయారు చేశారు అని.

ఏ పొడి ఎక్కడికి?

వట్టి మూలిక ఎండబెట్టి దంచిన పొడి: 1211. మందులకు, సుగంధ ద్రవ్యాలకు వాడే మొక్కలు, వాటి భాగాలు ఇందులోకి వస్తాయి. పొడి చేసినా ఇక్కడే. మా వట్టి అశ్వగంధ చివరికి 1211.90.92 కింద, సుంకం లేకుండా తేలింది. అంటే దానికీ మేం వేసిన నంబరు తప్పే, కాకపోతే డబ్బు నష్టం లేదు.

పసుపు: 0910.30. సుంకం లేదు. మనం మందుగా వాడినా కస్టమ్స్‌కి అది మసాలా దినుసే.

మూలిక నుంచి సారం తీసి ఆరబెట్టిన పొడి: 1302. ఔషధ గుణాలున్న సారాలకు 1302.19.41 కింద 1 శాతం. అదే వేరు దంచితే 12వ అధ్యాయం, సారం తీస్తే 13వ అధ్యాయం!

ఏమీ కలపని విటమిన్ పొడి: 2936.

వే ప్రోటీన్: తేమ తీసేసి లెక్కించినప్పుడు వే ప్రోటీన్లు 80 శాతం దాటితే 3502.20, సుంకం లేదు. దానికి కోకో పొడి కలిపితే 1806 చూడాలి.

వీటిలో ఇమడని మిశ్రమాలు: 2106. 'మరెక్కడా పేర్కొనని ఆహార పదార్థాలు' అని దాని పేరు. మా భాషలో చెప్పాలంటే ఇఫ్, ఎల్స్ వరసలో చిట్టచివరి ఎల్స్. మా మిశ్రమం పడ్డది ఇక్కడే, 2106.90.98 లో. చక్కెర గానీ, పాల ఘనపదార్థాలు గానీ 10 శాతం దాటితే ఇందులోనే వేరే లైన్లు, వేరే రేట్లు ఉన్నాయి.

ఏదో ఒకటి కలిపారు కాబట్టి 2106 అని కస్టమ్స్ అన్నా, అదే ఆఖరి మాట కాదు. రోష్ విటమిన్స్ కంపెనీ 20 శాతం బీటా కెరోటిన్ ఉన్న పొడిని దిగుమతి చేసుకుంది. మిగతాది జెలటిన్, చక్కెర, మొక్కజొన్న పిండి, యాంటీ ఆక్సిడెంట్లు. కస్టమ్స్ 2106 అంది. కంపెనీ కోర్టుకెళ్ళింది. కలిపినవి బీటా కెరోటిన్ చెడిపోకుండా కాపాడటానికే, దాని సాధారణ వాడకాన్ని మార్చలేదు, కాబట్టి అది 2936 అని కోర్టు తీర్పిచ్చింది. 2014లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. అంటే ఏం కలిపారన్నదే కాదు, ఎందుకు కలిపారన్నదీ ముఖ్యమే.

ముందే అడిగితే ఖర్చు లేదు

నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఇది. సరుకు పంపకముందే కస్టమ్స్‌ని అడిగి నంబరు రాయించుకోవచ్చు. దీన్ని బైండింగ్ రూలింగ్ అంటారు. ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు వస్తుంది. అయితే ఇది ఇకముందు రాబోయే సరుకులకే, వచ్చేసిన వాటికి కాదు. ఇదివరకు ఇచ్చిన రూలింగులన్నీ 'క్రాస్' అనే డేటాబేసులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అశ్వగంధ అని కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

తప్పు నంబరు వేస్తే బాధ్యత బ్రోకరుది కాదు, దిగుమతిదారుది. 1993 నాటి చట్టం ప్రకారం తగిన శ్రద్ధ తీసుకోవలసింది మనమే. నిర్లక్ష్యమని తేలితే ఎగ్గొట్టిన సుంకానికి రెండింతల దాకా జరిమానా పడవచ్చు, ఘోర నిర్లక్ష్యమైతే నాలుగింతలు. మోసం లేని పొరపాటైతే, విచారణ మొదలవకముందే మనంతట మనం చెప్పుకుంటే సుంకంతో పాటు వడ్డీ కట్టి బయటపడవచ్చు. మాకు జరిమానా పడలేదు, సుంకం, వడ్డీలతో సరిపోయింది. లిక్విడేషన్ తర్వాత నిర్ణయం నచ్చకపోతే 180 రోజుల్లోగా ప్రొటెస్ట్ వేయవచ్చు. కాగితాలు మాత్రం ఐదేళ్ళు దాచాలి.

"కొద్దికొద్దిగా పార్సిల్లో తెప్పించుకుంటే గొడవ లేదు కదా" అని మిత్రులు అడుగుతుంటారు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపివేశారు. 2025 ఏప్రిల్లో దేశాల వారీగా అదనపు సుంకాలు ప్రకటించినప్పుడు కూడా, మినహాయింపుల జాబితా నంబర్ల ప్రకారమే ఇచ్చారు. 2936 కింది విటమిన్లు చాలావరకు అందులో ఉన్నాయి. ఆ సుంకాల కథ తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా, ఎవరికి మినహాయింపు అన్నది తేలింది నంబరుతోనే. కాబట్టి సరుకు పంపే రోజున రేటు మళ్ళీ చూసుకోండి. హార్మొనైజ్డ్ సిస్టమ్ తర్వాతి కూర్పు 2028 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. అప్పుడు నంబరు కూడా మళ్ళీ సరిచూసుకోవాలి.

ఇప్పుడు మా బాబాయి ప్రతి కొత్త సరుకుకీ ముందు పదార్థాల శాతాల పట్టిక పంపుతాడు. రూలింగ్ వచ్చాకే ఇక్కణ్ణుంచి ఆర్డరు వెళ్తుంది. మొన్న ఫోన్లో "ఏరా, ఈసారి శొంఠి కలుపుదామనుకుంటున్నా, ఏ నంబరులోకి పోతుంది?" అని అడిగాడు. 2,400 డాలర్లు పోతే పోయాయి, ఆ ప్రశ్న ముందుగా వచ్చింది, అదే సంతోషం.