డేటాకు రెండు దారులు: కువైట్ నేపథ్యంలో ఈథర్నెట్ నిల్వ చరిత్ర

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. దేశం పరహస్తగతమైనా నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్ లండన్ నుంచి తన కార్యకలాపాలు కొనసాగించింది. లెక్కలు ఒక్కచోటే ఉంటే ఆ చోటుతోపాటు అవీ పోతాయని ఆ ఏడు నెలలు చాటాయి. తరువాతి రెండు దశాబ్దాల్లో నిల్వ సాంకేతికత ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే: డిస్కును కంప్యూటరుకు ఎంత దూరంలో ఉంచవచ్చు?

1973లో జిరాక్స్ పార్క్‌లో పుట్టిన ఈథర్నెట్, రద్దీ పెరిగితే ఫ్రేములను జారవిడుస్తుంది. మళ్ళీ పంపుకొనే బాధ్యత పైపొరలది. డిస్కుల భాష అయిన స్కజీ ఈ నష్టాన్ని సహించదు. అందుకే 1990లలో ఫైబర్ చానెల్ అనే ప్రత్యేకమైన, ఖరీదైన నెట్‌వర్కు ఏర్పడింది.

ఈ రెంటికీ పొత్తు కుదిర్చిన మార్గాలలో ముఖ్యమైనవి రెండు. 2004లో ప్రమాణంగా వెలువడిన ఐస్కజీ డిస్కు ఆదేశాలను టీసీపీకి అప్పగించింది. జారిన వాటిని అదే తిరిగి పంపుతుంది. 2009లో ఖరారైన ఎఫ్‌సీఓఈ ఈథర్నెట్‌నే మారమంది. 2,112 బైట్ల సరుకు మోయడానికి 1,500 బైట్ల హద్దు పెరగాలి. రద్దీవేళ ఫ్రేము జారకుండా, పంపే యంత్రమే కాసేపు ఆగాలి.

నడుస్తున్న వర్చువల్ మెషీన్ ఒక హోస్టు నుంచి మరో హోస్టుకు మారాలంటే రెండింటికీ ఒకే డిస్కు కనబడడం ఆనాటి నియమం. వీఎమ్‌వేర్ 2006లో ఈఎస్‌ఎక్స్ 3కు ఐస్కజీని, 2011లో ఈఎస్‌ఎక్స్‌ఐ 5కు సాఫ్ట్‌వేర్ ఎఫ్‌సీఓఈని చేర్చింది. అయితే చేర్చడం సగం పనే. డిస్కు కనబడినంత మాత్రాన పరీక్ష ముగియదు. రాత జరుగుతుండగా ఒక కేబుల్ పీకి చూడాలి. లైనక్స్‌లోని ఓపెన్-ఐస్కజీ, సెషన్ తెగితే మామూలుగా 120 సెకన్లు వేచి చూస్తుంది. ఒకే దారి ఉన్నప్పుడు ఆ ఓర్పు మేలే. రెండో దారి సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రం అదే ఓర్పు వర్చువల్ మెషీన్లను స్తంభింపజేస్తుంది. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో రెండు నిమిషాలు చిన్న వ్యవధి కాదు.

గది దాటితే దూరమే అడ్డంకి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భ కేబుళ్ళు, ఫిబ్రవరి 1న దుబాయ్ దగ్గర ఫాల్కన్ కేబుల్ తెగి, గల్ఫ్ నుంచి భారతదేశం దాకా ఇంటర్నెట్ కుంటుపడింది. తెగకపోయినా కాంతి వేగానికి హద్దుంది: కువైట్ నుంచి సుమారు 4,600 కిలోమీటర్ల దూరంలోని లండన్‌కు సంకేతం వెళ్ళి రావడానికి కనీసం 45 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి రాతా అంతసేపు ఆగలేదు. కనుక డిస్కు ఈథర్నెట్ మీద దగ్గరలోనే ఉంటుంది. దూరపు నకలు కాస్త వెనకబడి నడుస్తుంది. ఆ వెనకబాటు ఎంతవరకు సమ్మతమో ఆపద రాకముందే కొలిచి ఉంచుకోవాలి.