మలయాలో బియ్యం మీద యుద్ధం

1948 జూన్ 16న మలయాలోని పెరాక్‌లో, సుంగై సిపుట్ దగ్గర తోటల్లో పనిచేసే ముగ్గురు ఐరోపా అధికారులను కమ్యూనిస్టు గెరిల్లాలు కాల్చి చంపారు. రెండు రోజులకల్లా బ్రిటిష్ ప్రభుత్వం దేశమంతటా అత్యవసర పరిస్థితి విధించింది. దాన్ని 1960 జూలై 31 దాకా ఎత్తలేదు.

మొదట్లో సైన్యానికి తెలిసింది అడవి గాలించడమే. 1948 డిసెంబరులో బతాంగ్ కలి వద్ద స్కాట్స్ గార్డ్స్ సైనికులు ఆయుధాల్లేని 24 మందిని చంపేశారు. ఆ నెత్తుటిని ఏ వ్యూహమూ కడగలేదు.

1950లో వచ్చిన జనరల్ హెరాల్డ్ బ్రిగ్స్ గెరిల్లాలను వదిలి వాళ్ల అన్నం మీద దృష్టి పెట్టాడు. అడవి అంచున పట్టాల్లేని నేల దున్నుకునే చైనీయుల నుంచే వాళ్లకు బియ్యం, కబుర్లు అందేవి. అలాంటి సుమారు 5 లక్షల మందిని తరలించి, ముళ్లకంచెల నడుమ ‘కొత్త గ్రామాల్లో’ ఉంచారు. తోటల్లో కూలీల ఇళ్ల వరసలనూ ఒకచోట చేర్చి కంచె వేశారు. పెరాక్ తోటల్లో మన తెలుగు కూలీలూ ఉండేవారు. పొద్దున్నే రబ్బరు పాలు తీయడానికి వెళ్లేవాళ్లను గేటు దగ్గర తడిమి చూసేవారు. అమ్మిన ఆహారపు డబ్బాకు అంగట్లోనే చిల్లు పొడిచేవారు, దాచిపెడితే పాడైపోవాలని. కొన్నిచోట్ల బియ్యం ఇవ్వడం మానేసి, అందరికీ ఒకేచోట వండి అన్నమే పెట్టారు.

1952లో వచ్చిన జనరల్ టెంప్లర్ తంజోంగ్ మాలిమ్ ఊరి మీద రోజుకు 22 గంటల కర్ఫ్యూ పెట్టి, బియ్యం కోటా తగ్గించాడు. అది ఊరందరికీ వేసిన శిక్ష, అన్యాయం. అయితే ఆయన హయాంలోనే చైనీయులకు పౌరసత్వం విస్తరించింది, గ్రామ మండళ్లకు ఎన్నికలు జరిగాయి. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చాక, వలస పాలన మీద పోరాటమన్న గెరిల్లాల మాటకు బలం పోయింది. నా దృష్టిలో ప్రభుత్వాన్ని గెలిపించింది ఈ పౌరసత్వం, ఎన్నికలు, స్వాతంత్ర్యమే.

ఇతరులు మాత్రం కంచెనే చూశారు. 1962లో దక్షిణ వియత్నాం అదే పద్ధతి పట్టింది. మలయాలో పట్టా లేనివాడికి స్థలం దొరికింది. వియత్నాంలో మాత్రం తాతల నాటి ఊరి నుంచి రైతును పెకలించారు. ఏడాదిన్నరలో పథకం కూలింది. మన మిజో కొండల్లోనూ తిరుగుబాటును అణచడానికి 1967 నుంచి ఊళ్లను రోడ్ల పక్కకు చేర్చారు. ఆ చేదు చాలాకాలం పోలేదు. అక్కడ శాంతి తెచ్చింది 1986 జూన్ 30 నాటి ఒప్పందం. తిరుగుబాటు నడిపిన లాల్‌డెంగా ఆ ఏడాదే ముఖ్యమంత్రి అయ్యాడు.