లారీ ఉంది.. డ్రైవరేడీ?

చిన్న రవాణా సంస్థల్లో మంచి డ్రైవర్లు నిలవాలంటే జీతం ఒక్కటే చాలదు

ఉస్మాన్‌గంజ్: ఫైనాన్స్ వాయిదా తేదీ దగ్గర పడుతుంది. సరకు సిద్ధంగా ఉంటుంది. లారీ మాత్రం కదలదు. పండుగకు ఊరెళ్లిన డ్రైవరు మరో యజమాని వద్ద చేరిపోయాడని రెండు రోజుల తరువాత గానీ తెలియదు. మూసీకి ఉత్తరాన, మొజంజాహీ మార్కెట్‌కు, బేగంబజారుకు చేరువలో ఉన్న ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారానికి పేరొందిన ప్రాంతం. ఇక్కడి ట్రాన్స్‌పోర్టు కార్యాలయాలకు ఈ చిక్కు కొత్తది కాదు. మూడు లారీలున్న యజమానికి ఒక్క డ్రైవరు మానేస్తే రాబడిలో మూడో వంతు ఆగిపోతుంది. వాయిదా మాత్రం ఆగదు.

జీతం పెంచినా డ్రైవర్లు నిలవడం లేదన్నది యజమానుల మాట. కానీ తగవు మొదలయ్యేది చాలాసార్లు జీతం అంకె దగ్గర కాదు, ట్రిప్పు లెక్క దగ్గర. నియామకం నుంచి లెక్క తేల్చేవరకు యజమాని పాటించవలసిన జాగ్రత్తలు ఇవి.

చేర్చుకునే ముందు

మొదట చూడవలసింది లైసెన్సు. రవాణా వాహనం నడిపేవారికి కనీసం 20 ఏళ్లు నిండి ఉండాలి. రవాణా లైసెన్సు కాలపరిమితి గతంలో మూడేళ్లు కాగా, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఐదేళ్లయింది. కార్డుపై ఉన్న తేదీని చూసి ఊరుకోకుండా కేంద్ర రవాణాశాఖకు చెందిన పరివాహన్ వెబ్‌సైటులో సరిచూసుకోవడం మేలు. ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత ఉండాలన్న నిబంధనను 2019లోనే తొలగించారు. కాబట్టి చదువు లేదన్న కారణంతో అనుభవజ్ఞుడిని వదులుకోనవసరం లేదు.

స్థూల బరువు 7,500 కిలోలు మించని వాహనాలను సాధారణ తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పునిచ్చింది. గంజ్ సందుల్లో తిరిగే చిన్న వాహనాలకు ఇది ఊరట. అయితే డీసీఎం వ్యాన్లన్నీ ఈ పరిమితిలోకి రావు. ఆర్సీలో స్థూల బరువు చూసిన తరువాతే తాళం చేతికివ్వాలి. తగిన లైసెన్సు లేని వ్యక్తి చేతిలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే అవకాశం ఉంది. చిన్న సంస్థ మూతపడడానికి అలాంటి కేసు ఒక్కటి చాలు.

కాగితాలతో పాటు కంటి పరీక్ష చేయించడం, పాత యజమానితో మాట్లాడటం, దగ్గరి ఊరికి ఒక ట్రిప్పు పంపి చూడటం అవసరం. అసలు లైసెన్సును యజమాని తన బీరువాలో పెట్టుకోవడం తగదు. అది డ్రైవరు బతుకుతెరువు. తాకట్టు వస్తువు కాదు.

జీతమా.. వాటానా?

చెల్లింపు పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది నెల జీతం, దానిపై రోజువారీ బత్తా. ఇందులో ఇంటికి ఎంత పంపగలడో డ్రైవరుకు ముందే తెలుస్తుంది. బండి ఖాళీగా ఉన్న రోజుల భారం యజమానిది. రెండోది ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకోవడం. లోడు దొరకకపోతే డ్రైవరుకు ఆదాయం లేదు. మూడోది కిరాయిలో వాటా. ఇది ఉత్సాహాన్నిచ్చేదే అయినా అధిక లోడుకు, నిద్ర మాని నడపడానికి దారితీస్తుంది. స్థిరమైన జీతం, బత్తాతో పాటు ప్రమాదం లేకుండా, సరకు తరుగు లేకుండా పూర్తిచేసిన ట్రిప్పులకు కొంత ప్రోత్సాహకం ఇవ్వడం చిన్న సంస్థకు అనువైన మార్గం. వేగానికి మాత్రం ప్రోత్సాహకం పెట్టరాదు.

లెక్క తేలితేనే నమ్మకం

ఉదాహరణకు చెన్నై వెళ్లి రావడానికి డ్రైవరుకు రూ.40 వేలు ఇచ్చారనుకుందాం. డీజిలుకు రూ.31 వేలు, హమాలీకి రూ.4 వేలు, పంక్చరు, పార్కింగులకు రూ.600, నాలుగు రోజుల బత్తా రోజుకు రూ.600 చొప్పున రూ.2,400 అయ్యాయి. మొత్తం రూ.38 వేలు. డ్రైవరు తిరిగి ఇవ్వవలసింది రూ.2 వేలు. అయితే అక్కడ దిగుమతి ఆలస్యమై బండి మరో రెండు రోజులు నిలిచిపోయింది. ఆ బత్తా రూ.1,200 కలిపితే తిరిగి ఇవ్వవలసింది రూ.800 మాత్రమే. నిలిచిన రోజులను యజమాని లెక్కలో వేయకపోతే ఆ రెండు రోజుల తిండిఖర్చు డ్రైవరు జేబులోంచి పోయినట్లే. సరకుదారు నుంచి హాల్టింగ్ చార్జీ వసూలు చేసి కూడా బత్తా ఇవ్వకపోవడం మరీ అన్యాయం. రూ.1,200 మిగుల్చుకున్న యజమాని, డ్రైవరు మానేసి లారీ నాలుగు రోజులు నిలిచిపోతే ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాడు.

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. వేతనాల స్మృతి ప్రకారం నెల జీతాన్ని మరుసటి నెల ఏడో తేదీలోగా చెల్లించాలి. మానేసినవారికి, తొలగించినవారికి రెండు పనిదినాల్లో బకాయి ఇవ్వాలి. సరకు నష్టం పేరుతో కోత విధించాలంటే అది డ్రైవరు నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి. కారణం చెప్పుకునే అవకాశమూ ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగానికి మించరాదు. తరుగు వచ్చిందనో, టైరు పేలిందనో నెల జీతమంతా ఆపడం చట్టానికే విరుద్ధం.

తొందర ఎవరిది?

హైదరాబాద్ నుంచి చెన్నైకి సుమారు 630 కిలోమీటర్లు. లోడుతో సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినా దాదాపు 16 గంటలు పడుతుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితి పెట్టింది. దాని స్థానంలో వచ్చిన కొత్త స్మృతి కూడా రోజుకు 8 గంటలనే ప్రమాణంగా ఉంచింది. ఆ ప్రకారం ఇది రెండు రోజుల పని. ఈ-వే బిల్లు గడువు 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. అంటే చెన్నై సరకుకు నాలుగు రోజుల గడువుంది. కాగితంలో తొందర లేదు. రేపు తెల్లవారేసరికి చేరాలన్నది వ్యాపారి మాట, దానికి తలూపింది బుకింగు కార్యాలయం. నిద్ర పోగొట్టుకునేది మాత్రం డ్రైవరు. కిరాయి మాట్లాడేటప్పుడే చేరవలసిన సమయాన్ని న్యాయంగా నిర్ణయిస్తే రోడ్డుపై ప్రాణాలు నిలుస్తాయి. తప్పనిసరి అయితే ఇద్దరు డ్రైవర్లను పంపాలి.

ప్రమాదం జరిగితే

గుద్ది పారిపోయిన కేసుల్లో పదేళ్ల వరకు శిక్ష విధించే నిబంధనపై 2024 జనవరిలో డ్రైవర్లు ఆందోళనకు దిగగా, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమలులోకి వచ్చినా ఆ నిబంధనను మాత్రం నిలిపి ఉంచారు. అయినా ప్రమాదం జరిగిన క్షణాన దూరప్రాంతంలో ఒంటరినన్న భయం డ్రైవరును వీడదు. ఎవరికి ఫోన్ చేయాలో, న్యాయవాదిని, జామీనును ఎవరు చూస్తారో చేరిన రోజే చెప్పాలి. క్షతగాత్రులకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు తెలపడం చట్టపరమైన బాధ్యతలని వివరించాలి. ఆపదలో ఫోన్ ఎత్తని యజమాని వద్ద ఏ డ్రైవరూ నిలవడు.

రేపటి డ్రైవరు ఎవరు?

ఒకప్పుడు క్లీనరుగా చేరిన కుర్రవాడే కొన్నేళ్లకు డ్రైవరయ్యేవాడు. ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనర్లను మానిపించడంతో ఆ బడి మూతపడింది. తేలికపాటి వాహన లైసెన్సు తీసుకున్న ఏడాది తరువాత రవాణా వాహనం నేర్చుకునే అర్హత వస్తుంది. నమ్మకస్తుడైన కుర్రవాడికి ఆ ఖర్చు భరించి తర్ఫీదు ఇప్పిస్తే సంస్థ తన డ్రైవరును తానే తయారుచేసుకున్నట్లవుతుంది.

ఇవి మరవరాదు

* చేరిన రోజే జీతం, బత్తా, సెలవులు రాసిన నియామక పత్రం ఇవ్వాలి.
* బండి తిరిగి వచ్చిన రోజే ట్రిప్పు లెక్క తేల్చి, ఇద్దరూ సంతకం చేసి, నకలు డ్రైవరుకు ఇవ్వాలి.
* టోలు రుసుము సంస్థ ఫాస్టాగ్ నుంచే చెల్లించాలి.
* అధిక లోడుకు పడిన జరిమానా డ్రైవరు జీతంలో కోయరాదు.
* వాహన బీమాలో డ్రైవరు రక్షణ ఉందో లేదో చూడాలి. ఏడాదికి రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా కల్పించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించాలి.
* పండుగ సెలవులను ముందే వంతులవారీగా నిర్ణయించి, బదిలీ డ్రైవరును సిద్ధం చేసుకోవాలి.

వీటిలో చాలావాటికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఇచ్చిన మాట తప్పని అలవాటు ఉంటే చాలు. పండుగకు ఊరెళ్లిన డ్రైవరు తిరిగి వచ్చేదీ లేనిదీ ఆ పుస్తకమే తేలుస్తుంది.