కోడి నేర్పిన సూది

నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందిట ఓ ముసలమ్మ. తరతరాలుగా ఆవిణ్ణి చూసి నవ్వుకుంటున్నాం. నాకు మాత్రం ఈమధ్య ఆవిడ మీద గౌరవం పెరిగింది. కుంపటి మాట అటుంచండి, కోడే లేకపోతే వైద్యశాస్త్రానికి తెల్లారడం బాగా ఆలస్యమయ్యేది!

జెన్నర్ దొరగారు మశూచికి టీకా వేసింది 1796లో. అది ఆవు పుణ్యం. ఎనభై ఏళ్ళు దాటినా మరో జబ్బుకి అలాంటి టీకా కుదరలేదు. అప్పుడు ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కోళ్ళ కలరా సంగతి పట్టించుకున్నాడు. ఆ క్రిముల్ని దేంట్లో పెంచాడనుకున్నారు? కోడిమాంసం ఉడికించిన చారులో! చారు నిలవున్నకొద్దీ క్రిమి జోరు తగ్గింది. దాన్ని ఎక్కిస్తే కోళ్ళు కాస్త నలతపడి లేచాయి. తర్వాత తాజా క్రిములు ఎక్కించినా తట్టుకున్నాయి. సెలవులకి వెళ్ళొచ్చేసరికి చారు నిలవైపోయి, అనుకోకుండా జరిగిందని కథ చెబుతారు. ఆయన నోటుపుస్తకాలు తిరగేసినవాళ్ళు మాత్రం, నెలల తరబడి కుస్తీ పట్టాడంటారు. నిలవపెట్టడం వెనక శ్రమ ఆవకాయ పెట్టేవాళ్ళకి వేరే చెప్పాలా? 1880లో ఈ సంగతి లోకానికి తెలిసింది. 1885లో పిచ్చికుక్క కరిచిన కుర్రాడికి ఆయన వేసిన సూదికి తొలిపాఠం చెప్పింది కోడే.

మరి కోడి ఋణం మనం తీర్చుకున్నామా?

1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోనూ, జావాలోనూ కోళ్ళు గుంపులుగా చచ్చాయి. ఒకటి రెండేళ్ళలోనే మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో అదే జబ్బు కనబడింది. మనం కొక్కెర తెగులంటాం. మెడ మెలిదిరుగుతుంది, రెక్కలు వాలిపోతాయి, పచ్చగా పారుకుంటాయి. పొద్దున్నే గంప ఎత్తి చూస్తే సగం ఉండవు. ఆ కొండల్లోనే ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనాలయంలో, 1940ల్లో, ఆ వైరస్‌ని కోడిగుడ్లలో పదేపదే పెంచి, జోరు తగ్గించి టీకా చేశారు.

అయినా చాలామంది కోడి తూగగానే గొట్టంమాత్ర విప్పి నోట్లో పోస్తారు. యాంటీబయాటిక్ వైరస్ జోలికే పోదు. ఆ మందులకీ ఓ కథ ఉంది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. ఆ ఏడే ఆయన పోయారు. తర్వాత అక్కడే, మందు తీయగా మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు చకచకా పెరుగుతాయని తేలింది. ఇంకేం, జబ్బుకి వాడాల్సిన మందు దాణాలో చేరింది. దానికి లొంగని క్రిములూ పుట్టుకొచ్చాయి. మనుషుల కోసం చిట్టచివరి ఆధారంగా దాచుకోవాల్సిన కోలిస్టిన్‌ని కోళ్ళకీ, తిండికోసం పెంచే ఇతర జంతువులకీ వాడకూడదని 2019లో మన ప్రభుత్వం నిషేధం పెట్టాల్సొచ్చింది.

పెరటికోళ్ళ గోడు వేరు. టీకా ఉంది గానీ ఒక్కో సీసా నూరు కోళ్ళకో, ఇంకా పైనో. చల్లగా దాచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఆరు పెట్టలున్న ఇల్లాలు ఏం చేస్తుంది? గుడ్ల డబ్బంటే ఆవిడకి మొగుణ్ణి అడక్కుండా ఖర్చుపెట్టుకునే డబ్బు. చీటీ కట్టినా, పిల్లలకి పుస్తకాలు కొన్నా అందులోంచే. కొక్కెర తెగులు వచ్చిందంటే ఆ కొంగుముడి ఊడినట్టే.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు పీటర్ స్ప్రాడ్‌బ్రో ఈ గోడు ఆలకించారు. వేడికి కొంతకాలం తట్టుకునే, కంట్లో చుక్క వేస్తే సరిపోయే టీకా పల్లెకోళ్ళ కోసమే రూపొందించారు.

నన్నడిగితే, మామూలు టీకాతోనూ పని జరుగుతుంది. పేరంటానికి పిలిచినట్టు పదిహేను గడపలూ పిలుచుకుని, ఒకే పొద్దున, గంపలు ఎత్తకముందే పశువైద్య సిబ్బందిని రప్పించుకుంటే సీసా వృథా పోదు. పిల్లలకి మొదటివారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, రెండునెలలకి రెక్క దగ్గర సూది. తెగులు ఊళ్ళోకి రాకముందే సుమా! తాంబూలంలోకి తలో గుడ్డూ ఇచ్చుకుంటే మరీ బావుంటుంది.