రద్దయినా పోని బానిసత్వం

బానిసత్వం అనగానే మనకు అమెరికా నల్లవాళ్ల సంకెళ్లే గుర్తొస్తాయి. మన ఏజెన్సీలో సంకెల పేరు అప్పు. షావుకారు బాకీ తీరేదాకా చాకిరీ చేసేవాణ్ణి ‘గోతి’ అన్నారు. అమెరికాలోనూ 1865లో బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లను పాలు సేద్యంలో కట్టేసింది భూస్వామి బాకీ పద్దే.

1843 చట్టంతో కంపెనీ ఏలుబడిలో బానిసత్వానికి గుర్తింపు పోయింది. అయినా 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనికి ఆదివాసుల్ని చాలీచాలని కూలికి నిర్బంధంగా తోలాడు. 1922 తిరుగుబాటుకు అదొక కారణం. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. చరిత్ర ఆయన పేరు రాసుకుంది. రాళ్లు మోసినోళ్ల పేర్లు రాయలేదు.

ఏజెన్సీలో రుణదాస్యం రద్దు 1940లో. దేశమంతటా వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో. ఒక్క బానిసత్వాన్ని ఇన్నిసార్లు ఎందుకు రద్దు చేయాల్సొచ్చింది? భూమి, బాకీ పద్దు ఎవరి చేతుల్లో ఉన్నాయో అడక్కుండా మనిషిని మాత్రమే విడుదల చేశారు గనక. అక్కడా ఇక్కడా జరిగింది ఇదేనని మేం అంటున్నాం.