గని మూసేశాక నీళ్లు ఎటు పోతాయి? జర్మనీ 'విస్ముట్' కథ



గని మూసేయడం అంటే ఏంటని ఒకప్పుడు నన్ను అడిగితే చాలా ఈజీగా చెప్పేవాణ్ణి. పని ఆపుతారు, గేటుకి తాళం వేస్తారు, అంతే. మేం సర్వర్ ఆఫ్ చేసినట్టు. కానీ గని అలా ఆఫ్ అవ్వదండి. ఎందుకో తెలియాలంటే 1946 నాటి తూర్పు జర్మనీకి వెళ్లాలి.

యుద్ధం అప్పుడే అయిపోయింది. అమెరికా దగ్గర అణుబాంబు ఉంది, సోవియట్ దగ్గర లేదు. సాక్సనీ, తురింగియా కొండల్లో యురేనియం ఉంది. సోవియట్ వాళ్లు అక్కడ తవ్వకం మొదలుపెట్టి, కంపెనీకి 'విస్ముట్' అని పేరు పెట్టారు. జర్మన్‌లో విస్ముట్ అంటే బిస్మత్ అనే వేరే లోహం. తవ్వేది ఒకటి, బోర్డు మీద పేరు ఇంకొకటి! 1990 ఆఖర్లో ఆపే నాటికి సుమారు 2 లక్షల 31 వేల టన్నుల యురేనియం తీశారు.

మరి మిగిలిందేంటి? టన్ను రాయిలో యురేనియం కిలో అటూ ఇటూ ఉంటుంది. రాయిని పొడి చేసి, రసాయనాలతో యురేనియం లాగేస్తే మిగిలే బురదే టెయిలింగ్స్. యురేనియం పోయినా రేడియం అందులోనే ఉండిపోతుంది. కుల్మిచ్ అనే చోట ఈ బురదని పాత తవ్వకపు గోతుల్లోనే పోశారు. అడుగున షీటు లేదు, ఏమీ లేదు. అలా అక్కడ సుమారు 8.5 కోట్ల ఘనపు మీటర్ల బురద చేరింది. హెల్మ్స్‌డోర్ఫ్ అనే ఇంకో చోట 4.5 కోట్లు. దాంట్లోంచి ఊరే నీరు భూగర్భ జలంలోకి దిగుతూ వచ్చింది.

1991 మేలో ఒప్పందం జరిగింది. సోవియట్ తన సగం వాటాని జర్మనీకి పైసా తీసుకోకుండా ఇచ్చేసింది. బదులుగా క్లీనింగ్ బాధ్యత నుంచి బయటపడింది. జర్మనీ 1,300 కోట్ల మార్కులు పక్కన పెట్టాల్సొచ్చింది. ఆ ఫ్రీ గిఫ్ట్ ఖరీదు అదీ!

ఇప్పుడు అసలు ఇంజనీరింగ్. రోన్నెబుర్గ్ దగ్గర లిష్టెన్‌బెర్గ్ అని 160 మీటర్ల లోతు గొయ్యి మిగిలింది. చుట్టూ రాతి గుట్టలు. ఆ రాయిలో పైరైట్ ఉంది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దానికి గాలి, నీరు రెండూ తగిలితే సల్ఫ్యూరిక్ యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్ రాయిలోని లోహాల్ని కరిగించి నీళ్లలో కలుపుతుంది. అందుకని గుట్టల్ని తీసి మళ్లీ గోతిలో వేశారు, కానీ ఎలా పడితే అలా కాదు. ఎక్కువ యాసిడ్ పుట్టించే రాయి అట్టడుగున. ఎందుకంటే పంపులు ఆపాక భూగర్భ జలం పైకి లేచి దాన్ని ముంచేస్తుంది, ఇక గాలి అందదు. యాసిడ్‌ని విరిచే గుణమున్న రాయి పైన. అవసరమైన చోట సున్నం కలిపారు. ఒక్కో లోడు ఏ పొరలోకి వెళ్లాలో చూసుకుంటూ వేయడానికి పదిహేనేళ్లకి పైనే పట్టింది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే.

టెయిలింగ్స్ చెరువులది వేరే తలనొప్పి. పైన నిలిచిన నీటిని తోడి శుద్ధి చేసినా, కింద బురద పెరుగులా ఉంటుంది. మనిషే నిలబడలేడు, ఇక బుల్‌డోజర్ ఎక్కడ? ముందు పైన గట్టి వలల్లాంటివి పరిచి, పల్చగా మట్టి వేశారు. తర్వాత నీరు పీల్చే పొడవాటి పట్టీల్ని నిలువుగా దించారు. పైన మట్టి బరువు పెరిగేకొద్దీ లోపలి నీరు ఆ పట్టీల గుండా బయటికొస్తుంది, బురద గట్టిపడుతుంది. ఆ తర్వాతే అసలు కప్పు. వాన నీరు లోపలికి ఇంకకుండా జారిపోయేలా వాలుగా చేస్తారు.

ఇంత చేసినా నీళ్లు ఊరుకోలేదు. రోన్నెబుర్గ్‌లో పంపులు ఆపాక సొరంగాలు నిండుతూ వచ్చి, 2006లో గెస్సెన్ లోయలో గని నీరు బయటపడింది. దాన్ని పట్టి శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేయాల్సొచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే ప్రాంతంలో జాతీయ పూల ప్రదర్శన జరిగింది. పైన పూలు, కింద పైపులు! శుద్ధిలో సున్నం వేస్తే లోహాలు బురదగా అడుగుకి దిగుతాయి. ఆ బురదని మళ్లీ భద్రంగా దాచాలి. మూసి ముప్ఫై ఏళ్లు దాటినా ఈ పని నడుస్తూనే ఉంది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ యురేనియం గని ఉంది, టెయిలింగ్స్ చెరువూ ఉంది. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా చెప్తున్నారు. అక్కడ వాడేది యాసిడ్ కాదు, ఆల్కలీ పద్ధతి. కాబట్టి విస్ముట్ లెక్కని తెచ్చి అచ్చంగా అక్కడ అతికించలేం. కానీ గని ఇంకా నడుస్తోంది కదా. చెరువు అడుగు ఎలా కట్టారు, మూసే రోజుకి డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఆ తర్వాత నీటిని ఎన్నేళ్లు పరీక్షిస్తారు, ఇవి ఇప్పుడే అడగొచ్చు. జర్మనీలో అడిగేసరికి 1991 అయింది.

మీలో ఎవరిదైనా వేముల మండలం వైపు ఊరైతే, మీ బోరు నీళ్ల సంగతి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్ ఆ చెరువు గురించే.